పన్నెండు చుక్కలు

12 ఆగస్టు 1988, శుక్రవారం. సాయంత్రం 6.10

మొదట జరిగినవి, జరిగిన వరుసలో:

1. పోయిన ఆదివారం ఎమ్మిగనూరులో నేతగాడు దుర్గప్ప మగ్గం దగ్గర నేనూ ఇక్బాలూ కూర్చున్నాము. ఇక్బాల్ అక్కడి పత్తి మిల్లులో గుమస్తా. నేను ఆదోనిలో డ్రాయింగు మాస్టరును. మిల్లులో ఒక కంప్యూటరు, మా పాఠశాలలో ఒకటి. రెండింటిలోనూ లిస్ప్ అనే భాష. ఇద్దరమూ ఒకే జిరాక్సు పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నవాళ్ళమే. ఆ భాషలో ఏది రాసినా జాబితాగానే రాయాలి. నాకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

2. నేను గీసిన చీర అంచును దుర్గప్ప చూశాడు. "బాగుందప్పా. మీ మిషన్‌తో గళ్ళ కాగితం మీద పోగు పోగూ ఏసి ఇయ్యి, నేస్తా. 22వ తేదీ సోమారం కొత్త పడుగు ఎక్కిస్తాండాను. ఆదివారం దీపాలు పెట్టే యాళకు కాగితం రాలేదనుకో, పాత అంచే."

3. ఇస్తానన్నాను. నలభై ఐదేళ్ళలో నా గీత ఒక గుడ్డ మీదికి ఎక్కే అవకాశం ఇదే మొదటిది.

4. ఇక్బాల్ నవ్వాడు. "గురన్న ఏస్తాడు, ఏస్తాడు. నడుమ నాకు నలభై ఫోన్లు సేస్తాడు."

5. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

6. ఇంటికి వచ్చి నోటుబుక్కు తీశాను. మే నుండి ఇక్బాల్‌ను నేను అడిగిన సందేహాలు ముప్పై ఒకటి. తేదీలతో సహా ఉన్నవి.

ప్రతిజ్ఞ: ఈ అంచు పూర్తి అయ్యేవరకు ఇక్బాల్‌ను ఒక్క సందేహమూ అడగను.

మాధవరం రంగనాథ గురురాజ

13 ఆగస్టు, శనివారం. సాయంత్రం 5.45

అద్భుతమైన రోజు!

మాక్రో రాశాను. మాక్రో అనగా, మనం ఒక్క మాట రాస్తే దాని బదులు యంత్రమే పెద్ద వాక్యం రాసుకుంటుంది. నా మాక్రో పేరు 'పోగు'. పని: పోగు ఉన్నదా అని చూచుట, ఉంటే కాగితం మీద వేయుట. నలభై వరుసల ప్రోగ్రాము తొమ్మిదికి దిగింది.

గుర్తులు: ఎరుపుకు గుణకారం గుర్తు. పసుపుకు చుక్క. ఆకుపచ్చకు సున్న.

పరీక్ష: ఎరుపు ఇచ్చాను, గుణకారం గుర్తు పడింది. పసుపు ఇచ్చాను, చుక్క. ఆకుపచ్చ, సున్న. మూడుకు మూడు!

అడిగిన సందేహాలు: సున్న.

మాధవరం రంగనాథ గురురాజ

14 ఆగస్టు, ఆదివారం. మధ్యాహ్నం 12.20

ఆదివారమైనా కంప్యూటరు గది తీయించి మొత్తం అంచు వేయించాను. ఇరవై నాలుగు పోగులు జాబితాలో పెట్టాను: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, పసుపు, మళ్ళీ ఎరుపు, ఇదే వరుస. 'జాబితా నుండి తరువాతి పోగు తీసి వేయి' అన్నాను.

పన్నెండు చుక్కలు పడ్డాయి. ఎరుపు లేదు, ఆకుపచ్చ లేదు. మిగిలిన పన్నెండు పోగులు ఏమైనవో తెలియదు.

చిన్న విషయం. ప్రింటరు రిబ్బను పాతది.

మాధవరం రంగనాథ గురురాజ

15 ఆగస్టు, సోమవారం. ఉదయం 11.00

జెండా పండుగ. కంప్యూటరు గదికి తాళం. ఈ రోజు పని జరగకపోవుటకు కారణం స్వాతంత్ర్యమే గాని నేను కాదు.

మా. రం. గురురాజ

16 ఆగస్టు, మంగళవారం. సాయంత్రం 6.00

కొత్త రిబ్బను వేశాను. పన్నెండు చుక్కలు, మరింత నల్లగా.

కారణాలు కాదగినవి:
వోల్టేజి.
దుమ్ము.
యంత్రానికి ఎరుపు అంటే పడకపోవుట.

మూడవది కొట్టివేశాను. తర్వాత మళ్ళీ రాశాను.

మా. రం. గురురాజ

17 ఆగస్టు, బుధవారం. సాయంత్రం

ఒక్కొక్క పోగు పేరు చెప్పి ఇస్తే సరిగ్గా వేస్తున్నది. జాబితా నుండి తీసుకొమ్మంటే చుక్కలే! అదే మాక్రో, అవే పోగులు.

ప్రతిజ్ఞను మళ్ళీ చదివాను. 'అడగను' అని ఉన్నది, 'ఉత్తరం రాయను' అని లేదు. కార్డు మీద ఒక పక్క నిండా రాశాను. తీరా చూస్తే చివర ప్రశ్నార్థకం ఉన్నది. చించివేశాను.

దేవకి ఆ ముక్కలు ఊడ్చుతూ: "ఆ ఇక్బాల్‌కు ఒక ఫోను కొట్టగూడదా? నాలుగు దినాల నుంచి అన్నంలో సారు పోసుకొనేదీ మరిచిపోతాండారు."

"అది సూత్రం, దేవకీ."

"సూత్రమంటే సన్నదా, లావుదా?"

నా భార్యతో ఈ విషయం చర్చించను.

గురురాజ

18 ఆగస్టు, గురువారం

ఫోను చేశాను. సందేహం అడుగుటకు కాదు, కేవలం క్షేమ సమాచారం. జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్లుగా:

"బాగుండావా ఇక్బాల్?"

"బాగుండానన్నా. నువ్వు?"

"బాగుండా. వానలు ఎట్లుండాయి ఆడ?"

"ఈడ లేవు. ఆడ?"

"ఈడా లేవు."

"ఊఁ."

"ఊఁ."

"ఇంగేమన్నా పనుందా అన్నా?"

"ఏం లేదు. నీకు?"

"నాకేముంటుంది?"

అయినా ఇద్దరమూ చాలాసేపు ఫోను పెట్టలేదు. వాడు వెటకారానికే అలా మాట్లాడాడని నా అభిప్రాయం.

గురు

20 ఆగస్టు, శనివారం

నిన్న ఏమీ రాయలేదు. చుక్కలు.

ఈ రోజూ చుక్కలే. మొత్తం పందొమ్మిది కాగితాలు. సరిచేయుటకు మాక్రోలో కొత్తగా చేర్చిన వరుసలు పదకొండు, తీసివేసినవి పదకొండు.

దుర్గప్ప పాత అంచు చెడ్డదేమీ కాదు. ముప్పై ఏళ్ళుగా కడుతున్నారు.



21 ఆగస్టు, ఆదివారం

పోతున్నాను. అడుగుతాను. అంతే.

అదే రోజు, ఇంటికి వచ్చిన తరువాత

శ్రావణమాసం. ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయేవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉన్నది. ప్రోగ్రాము కాగితాలు నలగకుండా తలపైన ఎత్తి పట్టుకొని నిలబడ్డాను. పక్కన ఒక ముసలమ్మ అడిగింది: "ఏందప్పా అవి, జాతకాలా?"

"ఆఁ, అట్లాంటివే."

"మా మనవడిది సూస్తావా?"

ఎమ్మిగనూరులో ఇక్బాల్ ఇంటి తలుపు తట్టాను. అతని భార్య జహీరా బీ తీసింది. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"అయ్యో అన్నా! ఆయప్ప మీ ఊరికే పోయినాడు గదా, పొద్దున్నే. వారం దినాల నుంచి సరిగ్గా నిద్ర లేదు. కాగితాలు ముందరేసుకొని ఒకటే గొణుగుడు. ఈ పొద్దు లేచి, 'ఇంగ గురన్నను అడగాల్సిందే' అని బస్సెక్కినాడు."

దారిలో మా బస్సులు ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. నేను కాగితాలు ఎత్తి పట్టుకున్నాను కాబట్టి కిటికీ బయటికి చూడలేదు.

చాయ్ ఇచ్చింది. బల్ల మీద ఇక్బాల్ చిత్తు కాగితాలు ఉన్నవి. చూడకూడదు. చూశాను. మిల్లుకు వచ్చే రైతుల జాబితా. పేరూ ఊరూ కలిపి ఇస్తే ఆ రైతు ఉన్నాడో లేడో వెదకాలి. ఎవరిని వెదికినా 'లేడు' అంటున్నది. రెండు నిమిషాలలో తెలిసిపోయింది. 'ఇదీ అదీ ఒకేలా ఉన్నాయా' అని అడుగవలసిన చోట, 'ఇది అదేనా' అని అడుగుతున్నాడు. లిస్ప్‌లో ఆ రెండు ప్రశ్నలూ వేరు. అంచు ఒక్కటే అయినంత మాత్రాన రెండు చీరలు ఒకే చీర అవుతాయా? అదే ఉదాహరణ రాసి, మార్చవలసిన మాట కింద గీత గీసి పెట్టాను.

రెండు గంటలకు ఇక్బాల్ వచ్చాడు. చొక్కా నలిగిపోయి ఉన్నది. గడపలో నన్ను చూసి ఆగిపోయాడు. సంచి నుండి, నేను ఇంట్లో వదిలి వచ్చిన పందొమ్మిదవ కాగితం తీసి ఇచ్చాడు. పైన నా ప్రోగ్రాము, కింద చుక్కలు. వెనుకవైపు, దేవకి పాల లెక్క రాసే పెన్సిలుతో:

'అన్నా, నీ మాక్రో నువ్వు రాసిన మాటను రెండు తావుల్లో ఉన్నదున్నట్ల అంటిస్తాంది. అందుకే జాబితా అనే డబ్బాలో చెయ్యి రెండుమాట్లు పెడతాంది. పోగు ఉందా అని చూసేకి ఒకసారి, ఏసేకి ఇంకొకసారి. చూసింది పారేస్తాంది, దాని ఎనకది ఏస్తాంది. అందుకే ఒకటి ఇడిసి ఒకటి, అన్నీ పసుపే. ఒకసారి తీసి చేతిలో పెట్టుకో. దాన్నే చూడు, దాన్నే ఎయ్యి. వదిన ఉప్మా బాగుండె.'

చేతిలో పెట్టుకొనుట! పేరు చెప్పి ఇచ్చినప్పుడు ఎన్నిసార్లు చూసినా ఎరుపు ఎరుపే. డబ్బాలో నుండి తీసేటప్పుడే ప్రతిసారీ కొత్తది. తొమ్మిది రోజులు!

నేనూ అతని కాగితం అతనికి ఇచ్చాను. చదివి నుదురు కొట్టుకున్నాడు.

ఇద్దరమూ మిల్లుకు పోయాము. కావలి మాదన్న తలుపు తీశాడు. ఫ్లాపీ నా సంచిలోనే ఉన్నది. ఒక్క వరుస మార్చాము. ప్రింటరు కదిలింది. గుణకారం గుర్తు. చుక్క. సున్న. చుక్క. ఇక్బాల్ నా భుజం మీద కొట్టిన దెబ్బకు ఇంకా నొప్పిగా ఉన్నది.

దుర్గప్ప ఇంట్లో దీపం వత్తి సరిచేస్తుండగా వెళ్ళాము. కాగితం వెలుతురుకు పట్టి, వేలితో పోగు పోగూ లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. తర్వాత మమ్మల్ని చూశాడు.

"ఆ పొద్దు నువ్వు పోయినాక, గురన్నా, నేను ఈయప్పను తగులుకుంటిని. 'నవ్వుతాండావు గానీ, గురన్న లేకుంటే నీకు దినం గడుస్తుందా?' అని. 'ఇంగ అడిగితే సూడు' అని ఒట్టేసినాడు. ఇప్పుడు సెప్పండి, ఎవురు ముందు అడిగినారు?"

"ఎవరూ అడగలే," అన్నాను.

"అల్లా తోడు, ఎవరూ అడగలే," అన్నాడు ఇక్బాల్.

"మరి రెండు బస్సులు ఎందుకు తిరిగినట్ల?"



28 ఆగస్టు, ఆదివారం. సాయంత్రం 7.05

జానెడు నేత అయింది. చూసి వచ్చాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, పసుపు. వేలితో తాకాను. దుర్గప్ప "చేతులు కడిగినావా?" అన్నాడు. కడిగాను.

నోటుబుక్కులో ఒక లోపం గమనించాను. నేను ఇక్బాల్‌ను అడిగినవి మాత్రమే రాశాను. ఇక్బాల్ నన్ను అడిగినవి ఒక్కటీ రాయలేదు. జ్ఞాపకం ఉన్నంతవరకు రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటి దాటగానే ఆపాను.

దుర్గప్ప కొంగుకు కూడా కాగితం అడిగాడు. కొంగు అంచు కంటే చాలా కష్టం. కాబట్టి,

ప్రతిజ్ఞ: రేపటి నుండి కొంగు పూర్తి అయ్యేవరకు ఇక్బాల్‌ను ఒక్క సందేహమూ అడగను. ఈసారి తప్పదు.

వాక్యంలో ఎక్కడైనా లోపం ఉన్నదేమో, పోయినసారివలె సందు మిగిలిందేమో. పొద్దున ఫోను చేసి ఒకసారి ఇక్బాల్‌కు చదివి వినిపించవలెను.

సాయంత్రం 7.20

మాధవరం రంగనాథ గురురాజ