కంచెకు గేటు

ఆత్మకూరు, గురువారం రాత్రి

గొర్రెల బాటకు అడ్డంగా రైతు కంచె వేశాడని దుత్తలూరు కాపరి వేసిన కేసులో జడ్జిగారు తీర్పు చెబుతుంటే టైపు చేస్తూ కూర్చున్నాను. సర్వే పటంలో బాట లేదు, కాపరి ఓడిపోయినట్టే అనుకున్నాను. ఆయనా అటే వెళ్తూ నాలుగో పేజీలో ఆగిపోయారు.

"బాటే లేకపోతే ఆ రైతు తన కంచెకు గేటెందుకు పెట్టాడమ్మా?"

నాకేం తెలుసు!

"ఇప్పటిదాకా చెప్పిందంతా కొట్టెయ్యమ్మా. సాక్ష్యాలు మళ్లీ చదవాలి."

రెండు గంటల పని పోయిందని అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే ధైర్యంగా ఉంది.

ఉదయగిరి కోర్టులో మా గట్టు తగాదా నడుస్తోంది. అన్నం దగ్గర నాయన మళ్లీ మొదలుపెట్టాడు. "జడ్జీలు ముందే రాసి పెట్టుకోనుంటారు పాపా. మనమేం చెప్పినా ఒకటే."

మా కోర్టు సంగతి బయటికి చెప్పకూడదు. "రాసింది కొట్టేసేవాళ్లు కూడా ఉండారులే నాయనా" అని మాత్రం అన్నాను.