శ్లాబు ఆపిన అంకె

జూన్ 3, బుధవారం

చిరంజీవి తమ్ముడికి, మరదలికి, మేనకోడలికి అక్క దీవెనలు. మోకాళ్లు తప్ప నేను క్షేమం.

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఏడేళ్ల తర్వాత ఒక గ్రహశకలం భూమిని తాకవచ్చని పేపర్లో చూసి కొత్తింటి శ్లాబు ఆపేస్తావా? ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది నీ వరస.

ఆ రాయి దారి లెక్కగట్టేదాన్ని కదా, అది తాకే అవకాశం మొదట నూటికి ఒక వంతు అన్నదాన్ని ఇప్పుడు మూడు ఎందుకంటున్నానని, ఏమైనా దాస్తున్నానా అని అడిగావు. ఇంట్లో తాళంచెవి పోయిందనుకో. అది పెట్టెలో ఉంటుందన్న అనుమానం మొదట కొంచెమే. వంటగది వెతికావు, లేదు. పడకగది వెతికావు, లేదు. వెతికేకొద్దీ పెట్టె మీద అనుమానం పెరుగుతుంది. తాళంచెవి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మా పనీ అంతే. ఆ రాయి రాగల దారుల్ని ఒక్కొక్కటే కొట్టేస్తుంటే మిగిలిన వాటి వంతు పెరుగుతుంది. మిగిలిన వాటిలో భూమి ఉన్నంతకాలం అంకె పైకే పోతుంది. ఆ దారుల్లో భూమి లేదని తేలిన రోజున సున్నా అవుతుంది.

పైగా ఎండ ఒకటి. వేడెక్కిన రాయిని అది రవ్వంత నెడుతుంది. ఎటు తిరుగుతోందో తెలియని రాయిని ఎటు నెడుతుందో ఎలా చెప్పను? ఇప్పుడా రాయి సూర్యుడి అవతలికి పోయింది, చలికాలం దాకా కనపడదు. అందుకని ఎప్పుడో తీసిన ఆకాశం ఫొటోలు తిరగేస్తున్నాం. మనల్ని తాకే దారిలోనే ఉంటే ఆనాడు అది ఎక్కడ ఉండాలో లెక్కగట్టి, అక్కడ చూస్తాం. ఆ చోటు ఖాళీగా ఉంటే బతికిపోయినట్టే. నిన్న అలాంటి ఫొటో ఒకటి దొరికింది. సరిగ్గా ఆ చోటనే ఒక నక్షత్రం తన వెలుగంతా పరుచుకుని కూర్చుంది, ఆ వెలుగులో రాయి ఉందో లేదో తెలియదు. ఏడుపొచ్చింది.

జనం భయపడుతున్నారు, ప్రమాదం లేదని ప్రకటన రాసిమ్మన్నారు మా డైరెక్టరు. "లేదు, తెలియదు, రెండూ ఒకటి కాదండీ" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. నేను తెలియదనే రాసి సంతకం పెట్టాను. ఇంకో ఫొటో వెతుకుతాను. అదీ కాకపోతే మరొకటి.

నీకు దొంగ ధైర్యం చెప్పను. శ్లాబు మాత్రం వెయ్యి.

ఇట్లు,
నీ మొండి అక్క

తా.క.: ఒకవేళ పడితే మన ఊరి మీద పడే వీలుందా అని అడిగావు. పైన ఆ మాట దాటేశాను. ఉంది. పడగల చోట్లన్నీ కలిపి గీసిన గీత మీ వీధి మీదుగానే పోతోంది. వచ్చే ఏడు రిటైరయ్యాక నేనుండబోయేది అక్కడే, మేడమీద నాకో గది వెయ్యి. అంకె సున్నా అయితే ముందు నీకే చెబుతాను. కాకపోతే సామాన్లు సర్దమనేదీ నేనే. మీ అందరినీ బండెక్కించి, ఇంటికి తాళం వేసి వచ్చేదీ నేనే.