పాత పిస్టన్ కొలత

అమ్మడూ,

బల్ల మీదున్న పిస్టన్ల డబ్బా సీలు విప్పకు. విప్పితే కొట్టువాడు వెనక్కి తీసుకోడట. నేను డ్యూటీకి వెళ్తున్నా. పాలు కాచి పెట్టాను, చల్లారాక మూత పెట్టు.

"కారుకి కొత్త పిస్టన్లు పట్రా నాన్నా" అన్నావు గానీ ఏ సైజో చెప్పలేదు. అందుకని నువ్వు ఇంజన్లోంచి తీసిన పాత పిస్టన్ ఒకటి గుడ్డలో చుట్టి పట్టుకెళ్లి, అచ్చం అలాంటివే నాలుగు తెచ్చాను. తెలివైన పనే చేశాననుకున్నా. ఇంతలో లేతు మేస్త్రీ ఫోన్ చేశాడు. "సార్, సిలిండర్లు అరిగిపోతే అమ్మాయిగారు బోరింగ్ చేసి పెద్దవి చేయమన్నారు. మీరు ఓవర్‌సైజ్ పిస్టన్లే తెచ్చారు కదా?" అన్నాడు. నాకు తలా తోకా అర్థం కాలేదు. ఇంజనూ అదే, పిస్టనూ అదే, మరి సరిపోకపోవడమేంటి? సిలిండర్ లోపల లొడలొడలాడుతుందట.

మీ అమ్మకి చెబితే పడీపడీ నవ్వింది. నీ చిన్నప్పుడు కూడా నీ పాత చెప్పు పట్టుకెళ్లి కొత్తవి కొనేవాణ్ణట. ఇంటికి చేరేలోపే అవి నీకు బిగుతైపోయేవట. దానికీ దీనికీ ఏం సంబంధమో!

ఏ సైజు తేవాలో ఈ చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. సాయంత్రం వచ్చి డబ్బా మార్చుకొస్తా.

నాన్న

అన్నట్టు, షెడ్డులో వేసుకోడానికి నీకు బూట్లు కొందామని నీ పాత బూటొకటి సంచీలో పెట్టుకున్నా. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ తీసి అక్కడే పెట్టేశా. పిస్టన్ సైజు కిందే నీ కాలి సైజు కూడా రాయి.