జెండాకి ఒడ్డు వైపు

తెనాలి,
సోమవారం.

చిరంజీవి షాహీనాకు, కనకలక్ష్మి సగం మనసుతో ఆశీర్వదించి రాయునది.

నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో నేను అడగను, నువ్వే రాయి. నాలుగేళ్ళ కిందట మన పాత కబడ్డీ జట్టంతా రేపల్లెలో కలిసిన రోజున, బిర్యానీ ముందు కూర్చుని "ఆఖరి పట్టు పట్టింది నేను, కప్పు పట్టుకున్నది కనకక్క" అన్నావు. ఆ పూట నుంచి మనకి మాటల్లేవు. మాటల్లేవన్నాను గానీ ఉత్తరాలు లేవనలేదు. అందుకే ఫోన్ చెయ్యకుండా పోస్టాఫీసుకి నడిచాను.

అసలు సంగతికొస్తాను. ప్రపంచ బీచ్ కబడ్డీ పోటీలు ఈసారి మన దేశంలోనట. ఆడవాళ్ళ ఆటలు మీ బాపట్ల పక్కన సూర్యలంకలోనట. ఇరవై రెండు దేశాలు దిగుతాయట! మా వీధి చివర కల్వర్టు మూడేళ్ళుగా సగంలో ఉంది. చెక్క వేసుకుని దాటుతున్నాం. ఇలాంటి మనం ప్రపంచాన్ని పేరంటానికి పిలుస్తామా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. నేనొక్కదాన్నే కాదు, మా పాలవాడూ ఇదే అంటున్నాడు.

ఇట్లు,
కనకలక్ష్మి,
రిటైర్డు హెడ్మిస్ట్రెస్, మాజీ కెప్టెన్.

తా.క. ప్రారంభం రోజున ఒక పాత క్రీడాకారిణి జెండా పట్టుకుంటుందని పేపర్లో వేశారు. ఎవరో ఏమిటో నాకు అనవసరం. తెలిస్తే మాత్రం వెంటనే రాయి.

బాపట్ల,
గురువారం.

కెప్టెనక్కకి షాహీనా సలాం చేసి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నా టైలరింగ్ షాపులో కాలు పెట్టే చోటు లేదు. వాలంటీర్లకి మూడొందల చొక్కాలు కుడుతున్నా. సూర్యలంక రోడ్డు నల్లగా మెరిసిపోతోంది. నువ్వు ఆ కల్వర్టు ఒక్కటి దాటితే చాలు, ఇక్కడిదాకా సాఫీగా వచ్చేస్తావు.

నిన్న మోహనకృష్ణ గారని పోటీల ఆఫీసరు షాపుకొచ్చారు. జెండా మన పాత జిల్లా జట్టులో ఒకరికి ఇస్తారట. "మీ కెప్టెన్ ఎవరమ్మా?" అన్నారు. నీ పేరు చెప్పా, రాసుకున్నారు. "ఆవిడ వస్తారా?" అంటే కనుక్కుని చెబుతానన్నా. వస్తావా అక్కా? ఉన్నదున్నట్టు రాయి. అలాగే ఆయనకి చెప్పేస్తా.

ఇట్లు,
షాహీనా, మన జట్టు రైట్ కార్నర్.

తా.క. ఎనభై రెండులో ఫైనల్ గెలిచిన ఫోటో మీ హాల్లో ఉంది కదా. నువ్వెత్తిన కప్పు వెనక నుంచి కనిపించే జడ నాదే. మా మనవరాలు షబీనా "నువ్వేదీ నానీ?" అంటే ఆ జడే చూపించా. "జడ బాగుంది నానీ" అంది.

తెనాలి,
శనివారం.

చిరంజీవి షాహీనాకు, కనకలక్ష్మి ముప్పావు మనసుతో ఆశీర్వదించి రాయునది.

నన్ను జెండా పట్టమంటారా! ముప్పై అయిదేళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, నాకొక అభిప్రాయం ఉంటుందని వాళ్ళకి తెలియదా? మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది ఈ వ్యవహారం. వచ్చినవాళ్ళకి తాగే నీళ్ళెక్కడివి? అంతమంది ఆడవాళ్ళకి బాత్రూములెన్ని? మైకు పనిచేస్తుందా? తెనాలి బస్సు టైముకి వస్తుందా? గాలికి షామియానా లేచి నిజాంపట్నంలో పడితే ఎవరు వెళ్ళి తెస్తారు? ఇవన్నీ తేలకుండా సూర్యలంక ఇసుకలో కాలు పెట్టను. పిలిచినా రాను. కారు పంపినా రాను. ఇదే నా మాట.

ఇట్లు,
కనకలక్ష్మి, మాజీ కెప్టెన్.

తా.క. జెండా పట్టేవాళ్ళకి చీర వాళ్ళే ఇస్తారా? ఏ రంగు? ఊరికే, లోకజ్ఞానం కోసం అడిగాను.

మరో తా.క. కారంటే ఏసీ కారేనా?

బాపట్ల,
బుధవారం.

కెప్టెనక్కకి షాహీనా సలాం చేసి రాసేది.

నీ ఉత్తరం మోహనకృష్ణ గారికి చదివి వినిపించా. ఒక్క అక్షరం వదల్లేదు. తా.క.లు మాత్రం చదవలేదు, అవి మన సొంత సంగతులు కదా అని. ఆయన కళ్ళజోడు తీసి, "ఎంత పట్టుదల గల మనిషండీ! ఇలాంటి పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు" అని నీ పేరు కొట్టేశారు. "పోనీ మీరు పట్టుకుంటారా అమ్మా?" అన్నారు. పట్టుకుంటానన్నా.

బాత్రూముల సంగతి మాత్రం రాసుకున్నారు. ఇంకో ఇరవై పెట్టిస్తారట. నీ మాట నిలబెట్టానని నాకెంతో తృప్తిగా ఉందక్కా.

ఇట్లు,
షాహీనా.

తా.క. చీర నెమలికంఠం రంగు, జరీ అంచు. కారు ఏసీదే.

తెనాలి,
శుక్రవారం.

షాహీనాకు, ఏ ఆశీర్వాదమూ లేకుండా కనకలక్ష్మి రాయునది.

నీకు బుద్ధుందటే? భోజనానికొచ్చినవాళ్ళు "వద్దమ్మా, చాలు" అంటే ముందున్న పళ్ళెం లాగేస్తావా? మారు వడ్డించవూ? మన వైపు మొదటి పిలుపుకి ఎవరు బయల్దేరతారు? మొదటిసారి రానంటాం. రెండోసారి చూద్దామంటాం. మూడోసారి బతిమాలితే అప్పుడు చెప్పులేసుకుంటాం. రేపల్లెలో ఆ బిర్యానీ నువ్వు మూడుసార్లు వద్దని, నాలుగు ప్లేట్లు తినలేదూ? అప్పుడు నీ మాట నిలబెట్టాలని నాకు తోచలేదు చూడు!

అవునే, కుళ్ళే. ఒకరిని చూసి ఏడవకూడదని పిల్లల చేత వందసార్లు రాయించినదాన్ని. ఇప్పుడు నెమలికంఠం రంగు కంటపడితే చాలు, కడుపు మండిపోతోంది. నిన్న చీరల కొట్టు తప్పించుకోవడానికి చుట్టు తిరిగి ఇంటికొచ్చాను.

మన దేశానికి ఈ పోటీలు జరిపే సత్తా లేదనే ఇప్పటికీ అంటాను. ఇప్పుడు ఇంకాస్త గట్టిగా అంటాను. ఆ రోజు రేపల్లెలో మా ఆడపడుచు ఇంట్లో ఉంటాను. టీవీ కూడా పెట్టను.

ఇట్లు,
కనకలక్ష్మి.
(మాజీ కెప్టెన్ అని నువ్వే రాసుకో.)

తా.క. ఆ రోజు వాన పడాలని మొక్కుకున్నానని అనుకునేవు. లేదు. కాస్త గాలి వీస్తే చాలనుకున్నాను.

బాపట్ల,
మంగళవారం.

కెప్టెనక్కకి షాహీనా సలాం చేసి రాసేది.

నీ గాలి వచ్చింది.

ముందు దేశం సంగతి. నువ్వన్నవాటిలో సగం జరిగాయి. మైకు పది నిమిషాలు మూగబోయింది. తెనాలి బస్సు గంట ఆలస్యం. షామియానా ఒకటి లేచింది గానీ నిజాంపట్నం దాకా పోలేదు, ఐస్‌క్రీము బండి మీద ఆగింది. మిగతా అంతా బాగానే జరిగింది. కెన్యా పిల్లలు పట్టిన పట్టుకి జనమంతా లేచి నిలబడ్డారు. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, అది నీ పుణ్యం.

ఇక నా సంగతి. నెమలికంఠం చీర కట్టుకుని జెండా ఎత్తా. నన్ను జెండా కర్రకి ఒడ్డు వైపు నిలబెట్టారు. ఫోటో తీసే అబ్బాయి "నవ్వండమ్మా" అన్నాడు. నవ్వా. సరిగ్గా అప్పుడే సముద్రం మీద నుంచి నీ మొక్కు వచ్చి, జెండా నా మొహానికి చుట్టుకుపోయింది. మర్నాడు పేపర్లో చూస్తే నడుము కింద నేను, పైన జెండా. నా వెనక మూడో వరసలో కుర్చీ ఎక్కి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈలేస్తున్న ఒకావిడ మాత్రం కళ్ళజోడుతో సహా స్పష్టంగా పడింది. కింద "మాజీ క్రీడాకారిణి షాహీనా" అని వేశారు. షబీనా చూసి "ఈసారి జడ కూడా లేదేంటి నానీ?" అంది.

రేపల్లెలో మీ ఆడపడుచు ఇంటి ముందుకి సముద్రం ఎప్పుడొచ్చిందక్కా?

నిజం చెప్పనా? నాకు ఏడుపొచ్చింది. నీ కుళ్ళు మొన్నటిది, నాది నలభై ఏళ్ళది. గెలిచినప్పుడల్లా నీ మొహమే పడుతుంది. కానీ జెండా లోపల ఏమీ కనపడక బిత్తరపోయి నిలబడితే ఈల వినపడింది. నేను ఆఖరి పట్టు పట్టిన రోజున వేసిన ఈలే అది. చూడకుండానే నువ్వని తెలిసింది. కర్ర గట్టిగా పట్టుకుని నిటారుగా నిలబడ్డా.

ఆదివారం ముగింపు. జెండా దించడానికి ఇద్దరు కావాలట. ఈసారి నిన్ను కనుక్కోకుండానే నీ పేరు రాయించా. నీకూ అదే రంగు చీర. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, రా అక్కా. రా అక్కా. రా అక్కా. మూడుసార్లయింది, చెప్పులేసుకో.

ఇట్లు,
నీ రైట్ కార్నర్ షాహీనా.

తా.క. జెండా కర్రకి సముద్రం వైపు నేను నిలబడతా. ఒడ్డు వైపు చోటు నీకే అట్టిపెట్టా. గాలి సంగతి నువ్వేం పట్టించుకోకు.