రెండుసార్లు రాసిన మాట

ప్రియమైన ఎలుకల టీచరమ్మకి,

నువ్వెళ్ళి పధ్నాలుగు నెలలైంది. ఇక్కడ అంతా మామూలే, నా ఎడమ కన్ను తప్ప. మసకబారింది. మొన్న ఒకావిడ కుట్టుమిషన్ బాగుచేసి, సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట తంటాలు పడ్డాను. చివరికి ఆవిడే ఎక్కించి, "బాగుచేసేది మీరా, నేనా?" అంది. నవ్వేశాను గానీ లోపల చివుక్కుమంది. శుక్లమట. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున తీసేస్తానన్నాడు డాక్టరు.

ఆ వారం రాగలవా? పక్కింటి ఫోన్‌లో అందరి ముందూ అడగలేక రాస్తున్నాను.

నీ ఎలుకలు ఎలా ఉన్నాయి?

నీవాడు


మిషన్ల డాక్టరు గారికి,

ఎలుకల సంగతి అడిగారు కదా, ఇక ఓపిగ్గా వినండి. మా ల్యాబులో ఎలుకల్ని పరీక్షించే పెట్టెలో ఒక గోడకి ఐదు రంధ్రాలుంటాయి. ఏదో ఒకదాంట్లో చిన్న దీపం అర సెకను వెలిగి ఆరిపోతుంది. ఎలుక దాన్ని గమనించి అక్కడ ముక్కు పెడితే తీపినీళ్ళు. నేర్పడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పదిసార్లకి తొమ్మిదిసార్లు తప్పు చేయవు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అని ఒక రసాయనం ఉంది. దాని పని అడ్డుకునే మందు చుక్కంత ఇస్తే చాలు, అదే ఎలుక దీపం వెలిగినా పట్టించుకోదు. గుడ్డిదైపోయిందేమో అనుకుని దీపం ఎక్కువసేపు వెలిగించాం. తిన్నగా వెళ్ళింది. కళ్ళు బాగానే ఉన్నాయి. గమనించడమే పోయింది. మర్నాటికి మందు దిగిపోయి మళ్ళీ మామూలే.

మీ రుమాలు ఒకటి నా బట్టల్లో వచ్చేసింది. మిషన్ నూనె వాసన పోతుందని ఉతకడం లేదు. గదిలో మరీ తోచనప్పుడు తీసి చూసుకుంటాను.

మీ నేను


ప్రియమైన టీచరమ్మకి,

రుమాలు సంగతి నాలుగుసార్లు చదువుకున్నాను. పొద్దున్నే టీకి రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. నీ వైపు దిండు కూడా కదపలేదు.

నా ఎడమ కన్ను మసకగా ఉంది. ఇరవయ్యో తారీఖున ఆపరేషన్. ఆ వారం రాగలవా?

నీవాడు


ఏవండీ,

మీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. కన్ను మాట, తారీఖు మాట ముందే రాశారు. మొదటిసారి చెబుతున్నట్టు మళ్ళీ రాశారు. పైగా రెండు కప్పులు తీస్తున్నారట. మరుపు ఇలాగే మెల్లగా మొదలవుతుందండీ. ఒక కాగితం మీద గడియారం గీసి, పదీ పది అయినట్టు ముళ్ళు పెట్టి పంపండి, మరుపు కనిపెట్టడానికి అదొక పరీక్ష. తేలిగ్గా తీసుకోకండి. డాక్టరుతోనూ చెప్పండి.

ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు.

మీ నేను


టీచరమ్మకి,

గడియారం ఆపరేషన్‌కి ముందే గీశాను, ఇందులోనే పెట్టాను. ముళ్ళు సరిగ్గా ఉన్నాయో లేవో చూసి దిద్దుకో.

నాకు మరుపు లేదు. జవాబు రాలేదు కాబట్టి మళ్ళీ అడిగాను. కప్పు అలవాటు కొద్దీ తీస్తున్నాను, మరిచిపోయి కాదు.

ఆపరేషన్ అయిపోయింది. పక్కింటి వదిన తోడొచ్చింది. ఫారంలో "రోగికి ఏమవుతారు" అన్నచోట ఏం రాయాలో తెలియక నా వైపు చూసింది. "పక్కింటివాళ్ళు" అని రాయమన్నాను. మర్నాడు కట్టు విప్పేటప్పుడు, ఎందుకో, తలుపు దగ్గర నువ్వుంటావేమో అనుకున్నాను. గోడమీద క్యాలెండరు కనిపించింది. అంకెలు చాలా స్పష్టంగా ఉన్నాయి.

నీ ఎలుక దీపాన్ని పట్టించుకోలేదంటే దానికి మందు ఇచ్చారు. నీకేమిచ్చారు?

నేను


ప్రియమైన మీకు,

నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. నేను చూశాను. రెండుసార్లూ చూశాను.

మీ మొదటి ఉత్తరం అందడానికి రెండు రోజుల ముందు, ఇక్కడ మరో మూడేళ్ళు ఉంటానని సంతకం పెట్టాను. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. వస్తే మీ ఎదురుగా కూర్చుని అది చెప్పాలి. అందుకే ఎలుకల గురించి అంత పొడుగ్గా రాశాను. మీరు మళ్ళీ అడిగేసరికి, మీకే మరుపు వచ్చిందని రాయడం నాకు తేలికైపోయింది. రాస్తూ రాస్తూ కాసేపు నిజమేననుకున్నాను కూడా. మీరు గీసిన గడియారం చూశాక అన్నం సయించలేదు. ఎంత శ్రద్ధగా గీశారో. ఒక్క కంటితో.

నలభై మూడేళ్ళకి నాకు చేతనైన పని దొరికింది. పెట్టె ముందు కూర్చుంటే ఆకలి కూడా తెలియదు. గదికొచ్చి తాళం తీయగానే మాత్రం మీరు లేరన్నది ఒక్కసారిగా మీద పడుతుంది. రెండింట్లో ఒకటి వదులుకోలేక, మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

ఈసారి ఎలుకల పరీక్షలు ఆపేశాను. ఆరు ఎలుకలకి నేర్పింది మొదటికొస్తుందని మా మేడం అంది. మళ్ళీ నేర్పుతానన్నాను.

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. పదిహేను రోజులుంటాను. కంట్లో చుక్కలు నేనే వేస్తాను. తర్వాత మీరు నాతో వచ్చి ఉండగలరా అని అడగాలి. మా వీధిలో దర్జీ కొట్లు నాలుగున్నాయి, మంచి మెకానిక్ లేడని అందరూ గొణుగుతున్నారు. మీకు ఇష్టం లేకపోతే సంతకం రద్దు చేసుకోవచ్చట, ఆఫీసులో కనుక్కున్నాను. ఏదైనా ఈసారి ఇద్దరం కూర్చునే తేల్చుకుందాం.

కోపం దాచుకోకండి. స్టేషనుకి రాకపోయినా ఏమీ అనుకోను. నేనే ఇంటికొచ్చి తలుపు తడతాను. మీరు తీసేదాకా అక్కడే నిలబడతాను.

మీ నేను