ఎవరికైనా సందేహాలున్నాయా?

అక్కా,
క్షేమంగా చేరాను, కాస్త జలుబు తప్ప బాగానే ఉన్నాను. గణిత సంఘం వార్షిక సభలో నా ప్రసంగం నిన్న అయిపోయింది. అదే వేళకు పక్క హాల్లో పేరున్న పెద్దాయన మాట్లాడుతుంటే జనమంతా అటే పోయారు. నేను మాట్లాడాల్సిన గదిలో మిగిలింది నేనూ, ఆ ప్రసంగానికి అధ్యక్షుడూ. అయినా బోర్డు నిండా రాసి ముగించాను. ఆనవాయితీ ప్రకారం ఆయన లేచి, ఖాళీ కుర్చీల వైపు తిరిగి, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు. మర్యాదగా కాసేపు ఎదురుచూశారు కూడా! ఎవరూ అడక్కపోతే అధ్యక్షుడే ఏదో ఒకటి అడగాలి. "బోర్డు మీరు తుడుస్తారా, నన్ను తుడవమంటారా?" అని అడిగి, ఒక్కరే చప్పట్లు కొట్టారు. అక్కడ నవ్వేశాను గానీ, బసకొచ్చాక అన్నం సయించలేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగు చేయించారా? బీరువాలో నా పాత కళ్లజోడు ఉంటుంది, పంపించు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

కాగితంలో చోటు అయిపోతోంది. "ఈ లెక్కల వల్ల ఎవరికేం ఒరుగుతుందిరా?" అని నువ్వెప్పుడూ అడుగుతావు, నేను విసుక్కుంటాను. జవాబు రాసేటప్పుడు ఆ మాట మళ్లీ అడుగు.

నీ తమ్ముడు