బసవరాజు చావుకు పద్యం

కడప, 2-6-2004

ఓబన్న మామకు ఈరేష్ నమస్కారాలు.

నా పన్నెండో నాటకం పంపుతున్నాను. మొదటి పదకొండూ పోటీలకు వెళ్లి చేతులూపుకుంటూ తిరిగొచ్చాయి. ఈసారి న్యాయనిర్ణేత మన ఓర్వకల్లుకే వచ్చి చూస్తాడు. ఇదీ తప్పితే ఇక రాయనని నా భార్యకు మాటిచ్చాను. రైతు బసవరాజు వేషం నీదే. నాలుగో బోరూ ఎండిందని విని చివర్లో నిశ్శబ్దంగా కూలి చనిపోతాడు. తెర పడుతుంది.

నీ మేనల్లుడు,
ఈరేష్

తా.క. పద్యాలు లేవు.

ఓర్వకల్లు, 9-6-2004

చిరంజీవి ఈరేష్‌ను మామ ఓబన్న దీవించి రాయునది.

నాటకం బాగుంది. మీ అత్త మహాదేవమ్మ విని ఏడ్చింది. ఒక్కటే చిక్కు. ముప్పై ఏళ్లుగా కృష్ణుడి వేషం కడుతున్నాను, పద్యం పాడకుండా స్టేజీ దిగింది లేదు. హార్మోనియం వాయించే ఉరుకుందు అయితే, "పద్యం లేకుండా సచ్చేదేందప్పా, జనం ఊరికే ఉంటారా?" అంటున్నాడు. పోయే ముందు ఒక్క పద్యం రాసివ్వు. రాగం నేను చూసుకుంటాను.

మీ మామ,
ఓబన్న

తా.క. ఉరుకుందు హార్మోనియం బాగు చేయించాడు. ఇప్పుడు వద్దంటే బాగుండదు.

కడప, 15-6-2004

మామకు నమస్కారాలు.

గుండె ఆగిపోతున్నవాడు రాగం తీస్తాడా మామా? నువ్వక్కడ కృష్ణుడివి కావు, నాలుగు బోర్లు ఎండిన మనిషివి. పద్యం వద్దు.

ఈరేష్

తా.క. జనం వన్స్‌మోర్ అని అరిచినా లేవొద్దు. చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి.

ఓర్వకల్లు, 21-6-2004

చిరంజీవికి దీవెనలు.

నీ తా.క. చదివి ప్రాణం లేచొచ్చింది. వన్స్‌మోర్ మాట ఎత్తావంటే నీ మనసులో పద్యం ఉన్నట్టే కదా! చచ్చాక లేవొద్దన్నావు కాబట్టి చచ్చే ముందే మూడుసార్లు పాడేస్తాను. నీ మీద గౌరవంతో కిరీటం మాత్రం పెట్టుకోను.

ఓబన్న

తా.క. శవానికి తలగడ పెట్టవచ్చునా? స్టేజీ పలకలు గట్టివి.

కడప, 26-6-2004

మామా,

తలగడ వద్దు! పద్యం వద్దు! నేను నాటకానికి రావడం లేదు. నా కళ్లముందే అది పాడవుతుంటే చూడలేను.

ఈరేష్

తా.క. కిరీటం ఎవరికీ పెట్టొద్దు. నాటకంలో బసవరాజు ఎద్దుకు కూడా.

ఓర్వకల్లు, 12-7-2004

చిరంజీవి ఈరేష్‌కు మామ దీవెనలు.

నీ కోపం చూసి మీ అత్త నన్ను నిలదీసింది. "పిల్లోడు ఎన్నేండ్ల నుంచో కాచుకోని ఉండాడు. ఒక్క పద్యం మింగలేవా?" అంది. మింగాను. నువ్వు రాసినట్టే, నోరు విప్పకుండా, తలగడ లేకుండా చచ్చాను. ఉరుకుందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జనంలో చప్పుడు లేదు. న్యాయనిర్ణేత కళ్లు తుడుచుకున్నాడట. నేను చచ్చి ఉన్నాను కాబట్టి చూడలేదు.

బహుమతి మనదే అనుకుంటుండగా వెనక నుంచి ఎవడో ఏడుస్తూ, "సావద్దు! లెయ్యి! వన్స్‌మోర్!" అని అరిచాడు. ముప్పై ఏళ్ల అలవాటు, ఆ మాట వింటే ఒళ్లు ఆగదు. లేచాను. ఉరుకుందు శ్రుతి అందుకున్నాడు. కృష్ణుడి పద్యం పాడి మళ్లీ చచ్చాను. అలా మూడుసార్లు. న్యాయనిర్ణేత కాగితాలు మడిచి బస్సెక్కాడు.

బహుమతి పోయింది. మన్నించు.

మీ మామ,
ఓబన్న

తా.క. అరిచినవాడు తలకు తువ్వాలు చుట్టుకుని పారిపోయాడు. వాడి సంచి మీ అత్తకు దొరికింది. అందులో నీ కళ్లద్దాలు, కడప బస్సు టికెట్టు ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. నన్ను శవంగా చూడలేక నీ బహుమతి నువ్వే పోగొట్టుకున్నావు. అందుకు ఏమనాలో నాకు ఏ పద్యమూ రావడం లేదు. మీ ఆవిడకు నేను నచ్చజెబుతాను, పదమూడోది రాయి. నన్ను మాత్రం చంపొద్దు.